ఆకు వేడెక్కితే నీళ్లు పెట్టాలా?
తోట ప్రశ్నలు - జవాబులు

ఎండలు ముదిరేసరికి టెంపరేచర్ గన్ మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. గన్‌తో చెట్టు ఆకుల వేడి చూసి నీటి తడి ఎప్పుడివ్వాలో తెలుసుకోవచ్చా అన్నదే అందరి ప్రశ్న. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, తేడాగా ఉన్నవాటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నాకు ఆరెకరాల చీనీ తోట ఉంది. చెట్లకు ఎనిమిదేళ్లు. ఉన్నది ఒకటే బోరు, ఏప్రిల్ వస్తే అదీ ఆగి ఆగి పోస్తుంది. ఆకు వేడి చూసుకుని నీళ్లు వదిలితే ఆదా అవుతాయని మా మేనల్లుడు అంటాడు. ఆకు వేడికీ, వేరు దగ్గర పదునుకూ ఏం సంబంధం? నాకు నమ్మకం కుదరడం లేదు.
- ఒక చీనీ రైతు, గార్లదిన్నె మండలం, అనంతపురం జిల్లా

జవాబు: మీ మేనల్లుడు చెప్పినదాంట్లో నిజం ఉంది. చీనీ ఆకును తిరగేస్తే కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలు అడుగువైపు ఉంటాయి. వేరు పీల్చిన నీరు ఆ రంధ్రాల్లోంచి ఆవిరైపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగం ఆకు నుంచే పోతుంది. మట్టికుండ చెమర్చితే లోపలి నీళ్లు చల్లబడేదీ ఇందుకే. వేరుకు నీరు అందక చెట్టు ఆ రంధ్రాలు మూసుకుంటే, ఎండ మాత్రం మునుపటిలాగే కొడుతూ ఉంటుంది గనుక ఆకు వేడెక్కుతుంది. ఆకు ముడుచుకోవడం, పిందె రాలడం కంటికి కనిపించేది ఆ తర్వాతే. ఆ మధ్యలో దొరికే గడువే గన్ వల్ల మీకు కలిగే లాభం.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లోని నీటి పొదుపు పరిశోధనశాలలో రే జాక్సన్, షెర్వుడ్ ఇడ్సో, వారి తోటివాళ్లు 1970ల్లోనే గోధుమ చేలల్లో మధ్యాహ్నం పూట పైరు వేడినీ గాలి వేడినీ పక్కపక్కన పెట్టి చూశారు. 1981లో దాన్ని సున్నా నుంచి ఒకటి వరకు ఉండే ఒక సూచికగా మార్చారు. ఈనాటి యంత్రాలూ యాప్‌లూ చాలావరకు ఆ లెక్క మీదే నడుస్తున్నాయి.

అయితే వాళ్లు మొదలుపెట్టింది గోధుమతో. మీది చీనీ, అది పొదుపరి చెట్టు. పాదులో పదును ఉన్నా సరే, గాలి బాగా పొడిబారితే రంధ్రాలను కొంత బిగించేస్తుంది. మీ ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం రెండింటికి నీళ్లు పుష్కలంగా అందిన చెట్టు ఆకు కూడా వేడిగానే ఉంటుంది. అది చూసి బోరు వేస్తే నీళ్లు దండగ. అందుకని పన్నెండు దాటకముందు ఒకసారి, రెండు గంటల ప్రాంతంలో ఒకసారి చూడండి. రెండుసార్లూ, నీరు బాగా అందిన చెట్టుకంటే మిగతావి వేడిగా తేలితేనే తడి ఆలోచన చేయండి. ఆ నీరందిన చెట్టును ఎలా ఎంచుకోవాలో కింద మూడో జవాబులో చెప్పాను.

ప్రశ్న: సార్, కరోనప్పుడు కొన్న గన్ ఇంట్ల ఉన్నది. నుదుటికి పెట్టి చూసేది. బత్తాయి తోటకు అది పనికొస్తదా? లేకుంటే ఎట్లాంటిది కొనాలె?
- గుర్రంపోడు, నల్గొండ జిల్లా

జవాబు: పనికిరాదు. నుదుటి గన్ మనిషి ఒంటి వేడి దగ్గరి అంకెలకే పరిమితం. పైగా నుదుటి మీద కనిపించిన వేడిని లోపలి ఒంటి వేడిగా మార్చి చూపిస్తుంది. మోటారు మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు వాడే రకం కొనండి.

కొనేటప్పుడు పెట్టె మీద 12:1 లాంటి అంకె ఉందో లేదో చూడండి. దాని అర్థం, పన్నెండు అడుగుల దూరం నుంచి చూస్తే అడుగు వెడల్పు మేర సగటు వేడిని చూపిస్తుందని. ఎర్రటి లేజర్ చుక్క గురి చూసుకోవడానికే. గన్ చూసేది ఆ చుక్క ఒక్కదాన్ని కాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చుక్క ఆకు మీదే ఉంటుంది, కానీ ఆకుల సందుల్లోంచి ఎండకు కాలిన నేల కూడా ఆ అడుగు మేరలోకి వచ్చేస్తుంది. వేసవి మధ్యాహ్నం దున్నిన నేల పైపొర 55 డిగ్రీలు దాటడం మామూలే, అందులో కాస్త కలిసినా అంకె చెడుతుంది. కింద నిలబడి పైకి గురి పెడితే దీనికి తలకిందులు. సందుల్లోంచి ఆకాశం కలిసి, చెట్టు ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది. కాబట్టి మూడు నాలుగు అడుగుల దూరం నుంచి, వీపు ఎండకు పెట్టి, ఎండ పడుతున్న వైపు ఆకులు గుబురుగా ఉన్న చోట చూడండి. ఒక్కో చెట్టుకు నాలుగైదు చోట్ల చూసి సగటు కట్టుకోండి. మబ్బు సూర్యుడికి అడ్డం వస్తే ఆకు వేడి నిమిషాల్లో పడిపోతుంది, ఆ రోజు చూడడం మానేయండి.

గన్‌లో ఎమిసివిటీ మార్చుకునే వీలుంటే 0.95 నుంచి 0.98 మధ్య పెట్టండి. బండి డిక్కీలోంచి తీసి వెంటనే వాడొద్దు. గన్ వేడెక్కి ఉంటే అంకెలు తప్పుతాయి. చెట్టు నీడన కాసేపు ఉంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: ఆకు వేడి ఎన్ని డిగ్రీలు దాటితే నీళ్లు పెట్టాలి? చుట్టూ తిప్పకుండా ఒక అంకె చెప్పండి.
- దానిమ్మ రైతు, కళ్యాణదుర్గం

జవాబు: అలాంటి అంకె లేదు. ఎవరైనా చెబితే నమ్మకండి. గాలి పొడిగా ఉన్న రోజున నీరందిన చెట్టు చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉంటుంది. అదే చెట్టు, అదే పదును, గాలిలో తేమ పెరిగితే ఆవిరి కావడం తగ్గి ఆకు గాలితో సమానంగా ఉండొచ్చు, ఓ డిగ్రీ మించనూ వచ్చు. గాలి వీచే వేగం కూడా ఈ తేడాను మార్చేస్తుంది. 36 అన్న అంకె మీ దగ్గర ఒక రోజు ఎద్దడికి గుర్తు, ఇంకో రోజు నిక్షేపమైన చెట్టుకు గుర్తు.

ఏ రోజుకారోజు పోల్చి చూసుకోవాలి. తోటలో మూడు నాలుగు చెట్లను ఎంచుకుని వాటికి ఒక్కో డ్రిప్పర్ అదనంగా పెట్టండి. అవి గట్టు పక్క చెట్లు కాకూడదు. మిగతా చెట్ల వయసు, అంటు, కాపు వీటికీ ఉండాలి. పాదులో నీరు నిలవకూడదు, పదును మాత్రం ఆరకూడదు. మిగతా తోటను ఎప్పుడు చూసినా వీటితోనే పోల్చండి, అదే గన్‌తో, అదే అరగంటలో. చవక గన్‌లు డిగ్రీన్నర, రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తాయి. ఒకే గన్‌తో పోలిస్తే ఆ తప్పు రెండువైపులా ఒకేలా ఉండి చాలావరకు కొట్టుకుపోతుంది. అయినా అర డిగ్రీ తేడా చూసి బోరు దగ్గరకు పరుగెత్తకండి. రెండు మూడు రోజులు వరుసగా తేడా పెరుగుతూ పోతే అప్పుడు పట్టించుకోండి.

ఓపిక ఉన్నవారికి ఇంకో పద్ధతి ఉంది. మందుల షాపులో దొరికే వాజలీన్‌ను రెండు మూడు ఆకులకు రెండువైపులా పలచగా పూయండి. రంధ్రాలు మూసుకుపోతాయి కనుక ఆ ఆకులు బొత్తిగా నీరు వదలని చెట్టు వేడిని చూపిస్తాయి. పక్కనే మరో రెండాకులకు రెండువైపులా నీళ్లు చల్లి, ఆరకముందే చూడండి, అది కింది హద్దు. దానిమ్మ ఆకు చిన్నది గనుక ఈ పనికి ఒక్కో ఆకును కాకుండా చిన్న కొమ్మ చివర మొత్తాన్ని తీసుకోండి, గన్‌ను బాగా దగ్గరగా పెట్టండి. తడి ఆకులు 31, వాజలీన్ ఆకులు 41, మామూలు ఆకులు 36 చూపాయనుకోండి. 36లోంచి 31 తీసేస్తే 5, 41లోంచి 31 తీసేస్తే 10, ఐదును పదితో భాగిస్తే 0.5. ఒకటికి దగ్గరపడేకొద్దీ ఎద్దడి. నీరందిన చెట్టుకు సున్నా వస్తుందని మాత్రం అనుకోకండి, పండ్ల తోటల్లో మధ్యాహ్నం పూట అది చాలా అరుదు. ఈ లెక్క కూడా ఆ మూడు నాలుగు చెట్లకు కట్టి, దాంతో పోల్చుకోవాల్సిందే.

ప్రశ్న: మా నిమ్మతోటలో ఒక మూల పాతిక చెట్లు మిగతావాటికంటే వేడిగా ఉన్నాయని గన్ చూపించింది. నీళ్లు పెంచాను. పదిహేను రోజుల తర్వాత ఇంకా వేడెక్కాయి, ఆకు పసుపుబారుతోంది. ఇంకా పెంచమంటారా?
- గూడూరు ప్రాంతం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి చెప్పాల్సిన జవాబిది. నీళ్లు ఆపండి.

చెట్టు నీరు వదలడం లేదన్న సంగతి ఒక్కటే గన్ చెబుతుంది. ఎందుకు వదలడం లేదో దానికి తెలియదు. పాదు ఎండినా ఆకు వేడెక్కుతుంది, పాదు నానినా వేడెక్కుతుంది. నీరు నిలిచిన నేలలో వేరుకు గాలి ఆడదు. గాలి ఆడని వేరు నీటిని పీల్చలేదు, చెట్టు రంధ్రాలు మూసేస్తుంది. మీరు వేడి చూసి నీళ్లు పెంచారు, అవి వేరును ఇంకా ఊపిరాడనీయలేదు. వేరుకుళ్లుకూ బంక తెగులుకూ కారణమైన ఫైటోఫ్తోరాకు కావలసిందీ ఆ తడే.

పార తీసుకుని ఆ మూలకు వెళ్లండి. మొదలుకు మూడడుగుల దూరంలో, కొమ్మల నీడ అంచు దగ్గర, అడుగు లోతు తవ్వండి. మట్టిని పిడికిట్లో నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీరు చిమ్మిందా? మురుగు వాసన వస్తోందా? దారమంత సన్నటి పీచు వేర్లను రెండు వేళ్ల మధ్య పట్టి లాగి చూడండి. పైతోలు తొడుగులా ఊడివచ్చి లోపలి నార మిగిలితే వేరు కుళ్లినట్టే. తెల్లగా, గట్టిగా ఉంటే బాగున్నట్టు. మొదట్లో, అంటు కట్టిన చోట బంక కారుతోందేమో కూడా చూడండి. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా ముందు మురుగు పోయేలా కాలువ తీయండి, పాదు మట్టిని మొదలు నుంచి లాగేయండి. తెగులు మందు ఏది, ఎంత అన్నది వేరు నమూనా పట్టుకెళ్లి మీ ఉద్యాన అధికారినో, దగ్గరి పరిశోధన కేంద్రం వారినో అడిగి వేయండి.

అడుగు లోతున మట్టి పొడిగా రాలుతోందా? అలాగైతే కథ వేరు. ఆ మూలకు వెళ్లే లాటరల్ పైపు చివరి మూత విప్పి నీళ్లు వదలండి. డ్రిప్పర్లలో ఉప్పు పేరుకుని ఉంటుంది. మోటారు ఎంతసేపు నడిపినా ఆ చెట్లకు చుక్క అందదు.

వేడి కనిపించిన చెట్టు కింద ముందు పార, ఆ తర్వాతే నీళ్లు. గన్ కొన్న ప్రతి ఒక్కరూ ఈ వరస తప్పకండి.

ప్రశ్న: బంగినపల్లి తోటలో డిసెంబరు మొదట్లో ఆకులు బాగా వేడిగా చూపిస్తున్నాయి. తడి ఇవ్వాలా?
- నూజివీడు

జవాబు: వద్దు. పూతకు ముందు మామిడికి ఆ బెట్ట కావాలి. అప్పుడు నీళ్లిస్తే పూమొగ్గ బదులు లేత చిగురు వస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడులు మొదలుపెట్టండి, గన్‌ను అప్పటినుంచీ వాడండి. అంబే బహార్ కోసం చలికాలంలో చీనీని బెట్టకు వదిలే రైతులకూ ఇదే వర్తిస్తుంది. ఇసుక నేలల్లో మాత్రం వారం వారం చూస్తుండండి. అక్కడ బెట్ట ముదిరితే ఆకు రాలిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఉంటాడు. అక్కడి బాదం తోటల మీద డ్రోన్లు ఎగరేసి వేడి పటాలు తీస్తారట. మన బత్తాయికీ చేయిస్తే ఎలా ఉంటుంది?
- మిర్యాలగూడ

జవాబు: బాదం వేరు, బత్తాయి వేరు. స్పెయిన్‌లో కార్డోబా శాస్త్రవేత్తలు ముర్సియా ప్రాంతంలోని ఒక పెద్ద తోటలో బాదం, ఆప్రికాట్, పీచ్, నిమ్మ, నారింజ చెట్ల మీద ఒకేసారి ఇలాంటి పటాలు తీసి 2013లో ప్రచురించారు. చెట్టు జాతిని బట్టి ఆకు వేడి చెప్పే కబురు మారుతుంది. బాదం, పీచ్ లాంటివాటిలో తేడా స్పష్టంగా కనబడుతుంది. నిమ్మజాతిది పొదుపు స్వభావం కనుక అక్కడ అంత తేలిగ్గా తేలదు. ఐదారెకరాలకు డ్రోన్ అద్దె దండగ అని నా అభిప్రాయం. నలభై యాభై ఎకరాలుండి, ఏ లైను పూడిందో, ఏ మూల నీరు నిలుస్తోందో ఒక్కచూపులో పట్టుకోవాలంటే మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు చేయించుకోవచ్చు.

ప్రశ్న: ఒక యాప్ కంపెనీ వారు వచ్చి, ఉపగ్రహం నుంచి చెట్టు చెట్టుకూ నీటి ఎద్దడి చెబుతాం, ఎకరాకు ఇంత చందా అంటున్నారు. కట్టమంటారా? మాకు మూడెకరాలు.
- కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: కట్టకండి. మీ ఫోన్లో పచ్చగా, ఎర్రగా కనిపించే బొమ్మ ఎంత వివరంగా ఉన్నా, వేడిని కొలిచే ఉపగ్రహం కన్ను అంత సన్నది కాదు. అందరికీ ఉచితంగా దొరికే అమెరికా ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాల వేడి పటంలో ఒక్కో గడి వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. రెండూ కలిసి ఎనిమిది రోజులకొకసారి మీ తోట మీదుగా పోతాయి, అదీ ఉదయం పూట, మబ్బు లేకపోతేనే పనికొస్తుంది. మీ మూడెకరాల తోట, పక్కవారి పత్తి చేను, మధ్యలో బండి బాట అన్నీ కలిసి ఒకటే అంకె అవుతాయి. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి రూపొందిస్తున్న తృష్ణ ఉపగ్రహం గడి అరవై మీటర్లకు కాస్త తక్కువ, అంటే ఎకరాకు కొంచెం లోపు. కంపెనీ వారు మళ్లీ వస్తే వేడి పటంలో ఒక గడి ఎన్ని మీటర్లు ఉంటుందో కాగితం మీద రాసివ్వమనండి. ఆరు మీటర్ల దూరంలో నాటిన తోటలో ఎకరాకు సుమారు 110 చెట్లుంటాయి. రాబోయే తృష్ణకు కూడా ఒక్కో గడిలో దాదాపు వంద చెట్లు ఒకటే అంకెగా కనిపిస్తాయి.