అణు భౌతిక ప్రయోగశాలలో తొలి వేసవి

1909లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ మార్స్‌డెన్ ఇంకా డిగ్రీ విద్యార్థే. వయసు ఇరవై ఏళ్లు. పరిశోధన అలవాటయ్యేందుకు కుర్రాడికి ఏదైనా చిన్న పని ఇస్తే బాగుంటుందని హాన్స్ గైగర్ అన్నాడు. దానికి రూథర్‌ఫర్డ్ పెద్దగా ఆశలేమీ పెట్టుకోకుండానే ఒక పని అప్పగించారు. పలుచని లోహపు రేకు మీద పడిన ఆల్ఫా కణాల్లో వెనక్కి మళ్లేవి ఏమైనా ఉన్నాయేమో చూడమన్నారు. చీకటి గదిలో కూర్చోవాలి. జింక్ సల్ఫైడ్ తెర మీద మెరిసి మాయమయ్యే చుక్కల్ని మైక్రోస్కోపులో చూస్తూ లెక్కపెట్టాలి. సుమారు 8,000 కణాలకు ఒకటి చొప్పున వెనక్కి వచ్చాయి. పరమాణువు మధ్యలో అతి చిన్న, బరువైన కేంద్రకం ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పడానికి ఆ లెక్కే ఆధారమైంది.

ఈ వేసవిలో ఏదో ఒక అణు భౌతిక ప్రయోగశాలలో ఇంటర్న్‌గా చేరబోయే విద్యార్థికి దొరికేదీ దాదాపు ఇలాంటి పనే. పైకి చిన్నదిగా కనిపిస్తుంది. యాక్సిలరేటర్ నడుపుదామని వచ్చినవాళ్లకు మొదటి రెండు వారాలు కేబుళ్లు, కాలిబ్రేషన్, లాగ్‌బుక్ తప్ప ఇంకేమీ లేనట్టు అనిపించవచ్చు. నిజానికి ఆ రెండు వారాల్లో నేర్చుకున్నదాని మీదే మిగతా వేసవంతా ఆధారపడి ఉంటుంది.

మొదటి రోజు గేట్ పాస్, సంతకాలు, రేడియేషన్ భద్రత క్లాసుతో గడిచిపోతుంది. రేడియేషన్ ఉన్న చోట పని చేయాల్సి ఉంటే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఇస్తారు. ఛాతీ దగ్గర పెట్టుకునే ఆ బ్యాడ్జ్, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో నమోదు చేస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలు భయపడేది కూడా ఇక్కడే. వాళ్లకు అంకెలతోనే చెప్పడం మంచిది. మన దేశంలో రేడియేషన్ పనిలో ఉన్నవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకైతే ఆ పరిమితి 1. నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి సహజంగా మనిషికి అందేది ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ఈ పరిమితుల్లో దాన్ని కలపరు.

ఇంటర్న్ నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. డిటెక్టర్ చుట్టూ పేర్చే సీసపు ఇటుక చూడటానికి చిన్నదే. అయినా 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న ఇటుక 11 కిలోలు తూగుతుంది. కాలి మీద పడితే వేళ్లు విరుగుతాయి. దాన్ని ముట్టుకున్న చేత్తో టిఫిన్ తినకూడదు. ద్రవ నైట్రోజన్ ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. గాలి ఆడని గదిలో అది ఆక్సిజన్‌ను తరిమేస్తుంది. డిటెక్టర్‌కు ఇచ్చే విద్యుత్తు వేల వోల్టుల్లో ఉంటుంది. భద్రత క్లాసులో నిద్రపోయినవాళ్లను ఏ గైడూ డిటెక్టర్ దగ్గరికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

రెండో రోజో మూడో రోజో అసలు పని మొదలవుతుంది. బల్ల మీద ఒక డిటెక్టర్, పక్కన చిన్న కోబాల్ట్-60 సోర్సు ఉంటాయి. దాని నుంచి 1173, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో రెండు గామా కిరణాలు వస్తాయి. సోడియం అయొడైడ్ డిటెక్టర్‌తో చూస్తే తెర మీద రెండు దిబ్బలు లేస్తాయి. అదే సోర్సును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టర్ ముందు పెడితే ఆ దిబ్బలే రెండు సూదుల్లా నిలబడతాయి. సోర్సు తీసి సీసపు పెట్టెలో పెట్టేసినా, కొంతసేపు ఆగితే 1460 దగ్గర ఇంకో శిఖరం మెల్లగా పైకి వస్తుంది. అది గది గోడల్లో ఉన్న పొటాషియం-40 నుంచి వస్తుంది. పొటాషియం మన ఒంట్లోనూ ఉంది. ఈ శిఖరం ఎక్కడిదో ఎవరూ చెప్పకముందే వెతికి పట్టుకున్న విద్యార్థికి గామా స్పెక్ట్రోస్కోపీ మీద పట్టు చిక్కడం మొదలైనట్టే.

తర్వాత పరీక్ష ఆసిలోస్కోపు ముందు. పల్స్ వెనకాలే దాని నకలులా ఇంకో చిన్న పల్స్ కనిపిస్తే, కేబుల్ చివర 50 ఓమ్‌ల టెర్మినేటర్ పెట్టలేదని అనుమానించాలి. మీటరు కేబుల్ దాటడానికి సిగ్నల్‌కు సుమారు 5 నానో సెకన్లు పడుతుంది. కాబట్టి నకలు ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిస్తే, సిగ్నల్ ఏ కేబుల్ చివర తగిలి వెనక్కి వస్తోందో చెప్పేయవచ్చు. ఇది మార్కుల లిస్టులో కనిపించని నైపుణ్యం.

లాగ్‌బుక్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. టైము, సోర్సు, హై వోల్టేజ్, యాంప్లిఫయర్ గెయిన్, ఫైలు పేరు, ఎవరు ఏం మార్చారు అన్నవన్నీ అందులో రాయాలి. ఎవరో గెయిన్ మార్చి రాయకపోతే ఆ తర్వాత తీసిన డేటాకు పాత కాలిబ్రేషన్ పనికిరాదు. యాక్సిలరేటర్‌లో బీమ్ టైమ్ ఊరికే రాదు. ఏం చేస్తారో, ఎందుకో ప్రతిపాదన రాసి, కమిటీని ఒప్పించి తెచ్చుకోవాలి. దొరికిన రోజుల్లో ప్రయోగం రాత్రింబవళ్లు షిఫ్టుల్లో నడుస్తుంది. ఇంటర్న్‌కు రాత్రి షిఫ్టు పడవచ్చు. కౌంట్ రేట్ చూడటం, నైట్రోజన్ నింపే వేళ మరిచిపోకపోవడం, తెల్లవారుజామున బీమ్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటం అతని బాధ్యతలు. అర్థం కానప్పుడు వెంటనే అడిగేవాళ్లంటే సీనియర్లకు ఇష్టం. తెలిసినట్టు తలూపి బటన్ నొక్కేవాళ్లంటే భయం.

ఇదంతా ఫిజిక్స్ వాళ్లకేనని బీటెక్ విద్యార్థులు అనుకోవడం మన దగ్గర పెద్ద లోటు. ప్రయోగశాలకు వాక్యూమ్, ఎలక్ట్రానిక్స్, ఆర్‌ఎఫ్, క్రయోజెనిక్స్, సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు కావాలి. ఈ సంగతి మన భీమవరం ప్రాంతం నుంచి వెళ్లిన స్వామి జ్ఞానానంద బాగా ఎరిగినవారు. గొరగనమూడిలో పుట్టి, సన్యాసం తీసుకుని, తర్వాత ఐరోపా వెళ్లి ప్రాగ్‌లో ఎక్స్-రే స్పెక్ట్రోస్కోపీ నేర్చుకున్నారు. న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పని చేశారు. 1947లో ఆయన ఇంగ్లిషులో వెలువరించిన పుస్తకం పూర్తిగా అధిక వాక్యూమ్ గురించే. ఆ తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ అణు భౌతిక విభాగాన్ని నిలబెట్టారు.

ఇక అవకాశాలు. జెనీవా దగ్గరున్న సెర్న్ వేసవి కార్యక్రమానికి, వేసవి వచ్చేలోపు కనీసం మూడేళ్ల డిగ్రీ చదువు పూర్తవుతున్న ఫిజిక్స్, ఇంజినీరింగ్, కంప్యూటర్ విద్యార్థులు దరఖాస్తు చేయవచ్చు. అక్కడ ఖర్చులకు భత్యం ఇస్తారు. భారత్ 2017 నుంచి సెర్న్‌లో అనుబంధ సభ్య దేశం. అక్కడి ఐసోల్డే కేంద్రం 1967 నుంచి అరుదైన ఐసోటోపులను తయారు చేసి, వాటి కేంద్రకాల మీద ప్రయోగాలు జరుపుతోంది. దేశంలోనే అయితే ముంబై టీఐఎఫ్‌ఆర్ వేసవి పరిశోధన కార్యక్రమం, ఢిల్లీలో 15 మిలియన్ వోల్టుల పెల్లెట్రాన్ ఉన్న ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్, మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల ఫెలోషిప్ ఉన్నాయి.

ఎంపికైనవాళ్లు వెళ్లేలోపు పైథాన్, లినక్స్ చేతికి అలవాటు చేసుకోవాలి. సెర్న్‌లో పుట్టిన రూట్ సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసి, ఒక హిస్టోగ్రామ్ గీసి, శిఖరానికి గాసియన్ ఫిట్ చేయగలిగితే చాలు. గ్లెన్ నాల్ రాసిన డిటెక్టర్ల పుస్తకంలో సోడియం అయొడైడ్, జెర్మేనియం అధ్యాయాలు చదివితే మొదటి వారం తేలికవుతుంది.

వేసవి అనగానే ఏప్రిల్లో వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. సెర్న్ గడువు సాధారణంగా జనవరి చివరికి ముగుస్తుంది. అకాడమీల ఫెలోషిప్‌కు అంతకంటే ముందే పంపాలి. సిఫారసు లేఖ కావాలంటే దసరా సెలవులు అయిన వెంటనే లెక్చరర్‌ను కలవడం మంచిది. ల్యాబ్‌లో స్వయంగా చేసిన పని ఏమిటో ఒక పేజీలో రాసి వారి చేతికిస్తే, లేఖలో “కష్టపడే విద్యార్థి” అన్న ఒక్క మాటకు బదులు ఆ పని గురించి నాలుగు వాక్యాలు పడతాయి.