సముద్రమున కావలి మనవారు

ఆత్రేయపురమున చుట్టిన పూతరేకులు నేడు పెట్టెల కెక్కి అమెరికాలోని మన బిడ్డల ఇండ్లకు చేరుచున్నవి. ఆ దేశమునకును మన గోదావరికిని పాత చుట్టరిక మొకటి కలదు. ఆత్రేయపురమునకు పడమరగా సాగు వసిష్ఠా గోదావరి నరసాపురము చేరునప్పటికి, అచ్చట వలంధరరేవు కనబడును. హాలెండు దేశమునుండి వచ్చిన డచ్చివారిని మన పూర్వులు వలందులనిరి. వారు 17వ శతాబ్దమున పాలకొల్లులో వర్తకస్థానము నెలకొల్పి, మన నేతగాండ్రు నేసిన వస్త్రములను ఓడల కెక్కించిరి.

ఆ శతాబ్దముననే వారిలో మరికొందరు అమెరికాలో హడ్సను నదీముఖమున న్యూ ఆమ్‌స్టర్‌డామను ఊరు కట్టుకొనిరి. 1664లో ఆంగ్లేయుల వశమై అది న్యూయార్కు అయ్యెను. వలందుల సంతతివారు అచ్చటనే స్థిరపడిరి. వారిలో మార్టిన్ వాన్ బ్యూరెన్, థియోడర్ రూజ్వెల్టు, ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు ఆ దేశమునకు అధ్యక్షులైరి. వాన్ బ్యూరెన్ బాల్యమున నేర్చిన తొలి భాష డచ్చియే.

మనవారికి ఆ ద్వారము అంత సులభముగా తెరువబడలేదు. 1917నాటి చట్టము భారతీయుల వలసను నిషేధించెను. 1923లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. 1946లో ఆ అడ్డు కొంత తొలగెను. 1965నాటి చట్టము పిమ్మటనే మనవారు పెద్దసంఖ్యలో పోగలిగిరి.

ద్వారము మూసియున్న దినములలో విద్యార్థిగా అమెరికా చేరినవారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని కృతార్థులు కాలేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి. సోదరుడొకడు గ్రహణి రోగమునకు బలియయ్యెను. ఆ దుఃఖము వారి హృదయమున నిలిచిపోయెను.

హార్వర్డులో ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలసి, జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో ప్రకటించిరి. పిదప లెడర్లీ సంస్థలో వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. గ్రహణి రోగులకు కలుగు రక్తహీనతను పోగొట్టు మందు అదియే. సోదరుని కాపాడలేకపోయిన లోటు ఇట్లు లోకమునకు మేలుగా పరిణమించెను. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, వారు న్యూయార్కులో పరమపదించిరి. కడవరకు అమెరికా పౌరసత్వము పొందలేదు.

తరువాతి తరమున చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు, మనుష్యుని మాటను యంత్రమునకు తెలియజేయు విద్యలో మార్గదర్శకులైరి. 1994లో ట్యూరింగు బహుమానము నందుకొనిరి. ఆ గౌరవము పొందిన తొలి ఆసియావాసి వారే. ఆంధ్రదేశమున గ్రామీణ విద్యార్థులకొరకు 2008లో వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు వారే తొలి కులపతులు.

బాలలారా! ఒక ముఖ్యవిషయము చెప్పవలసియున్నది. బోదకాలు గోదావరి మండలమును చిరకాలము పీడించిన వ్యాధి. దానికి మందైన డై ఇథైల్ కార్బమజీను 1947లో సుబ్బారావుగారి బృందము కృషివలననే వెలువడెను. 2004నుండి మన దేశమున ఆ వ్యాధిగల జిల్లాలలో ఆ మాత్రలను ఇంటింట పంచిరి. మ్రింగినవారిలో ఆ పేరు ఎరిగినవా రెందరు? సముద్రమున కలసిన గోదావరి నీరు మేఘమై మన చేలపై కురియును. ఏ చినుకు ఏ ఏటినుండి వచ్చినదో రైతు ఎరుగడు. దూరమేగిన బిడ్డ గొప్పతనము అతడెక్కిన పదవిలో లేదు. ఎవరి కన్నీరు తుడిచినాడన్నదానిలో కలదు.