క్షమించు బిడ్డా, వాటా కూడా అడుగు

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. అందులో ఎన్ని సంగతులున్నా ప్రశ్న ఒక్కటే. మీ అన్న మీద వేసిన పంపకాల దావా వాపసు తీసుకోకపోతే నువ్వు అతన్ని క్షమించనట్టేనా? పాస్టరుగారు అట్లనే అన్నరని, స్త్రీల మైత్రిలో ఒకరిద్దరు మొహమ్మీదనే అడిగిన్రని రాసినవు. నా జవాబు ముందే చెప్తున్న. కాదు. క్షమించుడు వేరే, కేసు వేరే. రెండింటినీ కలిపి ముడేసినోళ్లు నీకు మేలు చెయ్యలేదు, మీ అన్నకు అసలే చెయ్యలేదు.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే నిన్ను అందరూ దాంతోనే బెదిరిస్తున్నరు. మీ నాయన వీలునామా రాయకుండనే పోయిండు. అట్లా పోయిన క్రైస్తవుని ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తది. భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానంగా. కొడుకు, బిడ్డ అనే తేడా లేదు. మీరు పుట్టింది ఇద్దరే గనుక లెక్క ఇంకా సులువు: మీ అమ్మకు ఒక వంతు, అన్నకు ఒక వంతు, నీకు ఒక వంతు. "పెండ్లికి పెట్టింది చాలదా" అంటున్నడట మీ అన్న. తండ్రి బతికుండంగ పిల్లల బాగు కోసం ఇచ్చింది వాటాలో తగ్గించొద్దని అదే చట్టం 49వ సెక్షన్‌లో ఉన్నది. ఇక కట్నమంటావా, అది 1961 నుంచి నేరమే. చేసిన నేరాన్ని జమలో రాసుకునే లెక్క నేను మీ అన్న దగ్గరనే చూస్తున్న.

మీ అమ్మతోని సంతకం పెట్టించుకొని మీ నాయన కాజీపేట జాగ మొత్తం మీ అన్న తన పేర రాయించుకున్నడంటే నాకు బాధైంది గాని ఆశ్చర్యం కాలేదు. మీ అమ్మ, నా చెల్లె, కొడుకు మాట కాదనలేదు. ఆమె మీద కోపం పెట్టుకోకు. కాయితాల్లో ఏమున్నదో ఆమెకు తెల్వదు.

ఇప్పుడు వాక్యం సంగతి. విశ్వాసులు కోర్టుకెక్కొద్దని పౌలు రాసిండని నీకు మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చూపెట్టిన్రు. నిజమే, రాసిండు. అయితే అదే అధ్యాయంలో, సోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడన్నా లేడా అని సంఘాన్నే నిలదీసిండు. సోదరులకే అన్యాయం చేస్తున్నరని కోప్పడ్డడు. ఆ మాటలు వదిలేసి అన్యాయం సహించుమన్న మాట ఒక్కటే ఆడపిల్లకు వినిపిస్తరు. నీ ఫిర్యాదు కూచోబెట్టి విన్న పెద్ద ఒక్కడున్నడా మీ సంఘంలో? లేనప్పుడు నిన్ను కోర్టుకు పంపింది వాళ్లే. పౌలు కూడా యెరూషలేములో న్యాయం దొరకదని తెలిసినప్పుడు కైసరుకే చెప్పుకున్నడు గదా.

మీ తాత, మా నాయన, డోర్నకల్ డయాసిస్‌లో పల్లె బడి నడుపుతూ ఉపదేశిగా పనిచేసిండు. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్యగారి కాలం మనిషి. గుడిలో ప్రభు భోజన సంస్కారం ఉన్న వారం ముందే ఆయన తగాదా ఉన్న ఇండ్లకు పోయేది. రెండు పక్షాలనూ ఒకే చాప మీద కూచోబెట్టి, గట్టు ఎవరు జరిపిన్రో, గొర్రె ఎవరిదో తేలినాకనే ప్రార్థన చేసేది. ముందే ప్రార్థన చేస్తే నిజం చెప్పాల్సినోడు కండ్లు మూసుకొని తప్పించుకుంటడని ఆయన నమ్మకం. సంస్కారానికి ముందే తగాదా తీర్చాలె అనేదానికి ఆధారం ఆంగ్లికన్ల పాత ప్రార్థన పుస్తకంలో, 1662 నాటి దాంట్లో, ఉన్నది. ఒకరినొకరు ద్వేషించుకునేటోళ్లకు సమాధానపడే దాకా సంస్కారం ఇవ్వొద్దన్నది అందులోని నియమం. కాని ఒకరు మనసారా క్షమించి, తమ వల్ల జరిగిన తప్పు దిద్దుకోవడానికి సిద్ధపడి, రెండోవారు మొండికేస్తే ఏం చెయ్యాలె? సిద్ధపడ్డ మనిషికి ఇవ్వాలె, మొండికేసినోనికి వద్దు. అంత పాత పుస్తకం రాసినోళ్లకు కూడా తెలుసు, క్షమించడానికి ఒక్కరు చాలు, కలవడానికి ఇద్దరు కావాలె. నువ్వు నీ పని నువ్వు చెయ్యి. అతని పని నీ నెత్తి మీద వేసుకోకు.

గ్లాడిస్ స్టెయిన్స్ సంగతి నీకు తెల్సు. 1999 జనవరిలో ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంను, ఇద్దరు కొడుకులు ఫిలిప్, తిమోతిలను జీపులో నిద్రపోతుండంగ నిప్పుపెట్టి చంపిన్రు. పిల్లలకు పదేండ్లు, ఆరేండ్లు. చంపినోళ్లను క్షమించిన్నని ఆమె చెప్పింది, బారిపదలో కుష్ఠురోగుల సేవ విడిచిపెట్టకుండ ఇంకా కొన్నేండ్లు ఉన్నది. మరి కేసు ఆగిందా? ఆగలేదు. ముఖ్య నిందితునికి 2003లో కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమ అబద్ధమని ఎవరన్నా అన్నరా? ఆమెకు దేశం 2005లో పద్మశ్రీ ఇచ్చింది.

ఇంకొకటి, ఇది మనోళ్లలో చాలామందికి తెల్వదు. కేరళ నుంచి పోయి ఇండోర్ దిక్కు పేద రైతుల మధ్య పనిచేసిన సిస్టర్ రాణి మరియను 1995 ఫిబ్రవరి 25న బస్సులో పొడిచి చంపిన్రు. చంపిన సమందర్ సింగ్ జైలుకు పోయిండు. 2002లో ఆమె చెల్లె, ఆమె కూడా సన్యాసినే, సెల్మీ పాల్, జైలుకు పోయి అతనికి రాఖీ కట్టి తమ్మునిగా ఒప్పుకున్నది. 2006లో అతను విడుదలైండు. ఈ కథ చెప్పేటోళ్లు రాఖీ దగ్గర కండ్లు తుడుచుకుంటరు, నేను సంవత్సరాలు చూస్తున్న. హత్యకూ రాఖీకీ నడుమ ఏడేండ్లు. నిన్నేమో వచ్చే పండుగ లోపల్నే అన్న మెడ మీద పడి ఏడువుమంటున్నరు.

ఎవరెట్ వర్తింగ్టన్ అని అమెరికాలో క్షమ మీదనే పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నడు. సొంత తల్లిని ఇంట్ల జొరబడ్డోడు చంపినా ఆ పని మానలేదు. పగ తీర్చుకోనని నిర్ణయించుకునుడు ఒకటి, లోపలి మంట చల్లారుడు ఇంకొకటి అంటడాయన. మొదటిది ఈ రాత్రికే చెయ్యొచ్చు. రెండోది నీ చేతిలో లేదు, దానికోసం నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఇట్లా అంటున్న గనుక నీకేం పని లేదనుకోకు. ఉన్నది, కష్టమైందే ఉన్నది. వాట్సాప్ స్టేటస్‌లో అన్న చూడాలెనని వాక్యాలు పెడుతున్నవు గదా, అవి తీసెయ్యి. దేవుని మాటను వడిసెల చేసి అన్న మీదికి విసురుడు క్షమ కాదు. స్త్రీల మైత్రిలో ప్రార్థనాంశమని చెప్పి ఆ ఇంటి సంగతులన్నీ విప్పుకుంట కూచోకు. మన సంఘాల్లో ప్రార్థనాంశం పేరు మీద నడిచేటంత ముచ్చట చాయ్ హోటళ్లల్ల కూడా నడవదు. వదిన ఎదురైతే పలకరించు. మేనల్లునికి ప్రతి క్రిస్మస్‌కూ బట్టలు తెచ్చేదానివి, ఈసారీ తే. పిల్లగాడు నీ జాగ ఎత్తుకపోలేదు. గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మొదటి మాట చెప్పేటప్పుడు అందరం ఏడుస్తం. ఆ మాట అన్నప్పుడు మేకులు కొట్టినోళ్లు ఇంకా అక్కడనే ఉన్నరు, తప్పైందని ఎవరూ అడగలేదు. ఆయన వాళ్లను క్షమించుమని తండ్రిని అడిగిండు గాని, మీరు చేసింది న్యాయమేనని అనలేదు. నువ్వూ అనొద్దు.

ఒక్క మాట పక్కకు పోయి చెప్త. భర్త చేతుల దెబ్బలు తింటున్న ఆడపిల్లలకు కూడా ఇదే వాక్యం చదివి కాపురానికి పంపే పెద్దలున్నరు. నీ స్నేహితురాలి గురించి రాసినవు గనుక ఆమెకు చెప్పు, 2005 గృహహింస చట్టం ఉన్నది, 181కి ఫోన్ చెయ్యొచ్చు. ప్రాణం కాపాడుకున్నాక క్షమ గురించి తీరుబడిగా మాట్లాడుకోవచ్చు.

ఇగ మీ అన్న. మత్తయి 18లో చెప్పినట్టు ముందు నువ్వొక్కదానివే పో. వకీలు వద్దు, నీ మొగడు కూడా వద్దు. ఏం బాధ పెట్టిండో చెప్పు, ఎంత వాటా అడుగుతున్నవో చెప్పు, అరిచినా కూచో. వినకపోతే నన్ను, ఇంకొక పెద్దమనిషిని తీసుకపో. మారినోడు ఏం చేస్తడో సువార్తలోని జక్కయ్యను చూడు. అక్రమంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తనన్నడు, అదీ ఎవరూ అడగకముందే. మీ అన్న ఒక్కంత ఇస్తే చాలు. అతను ఒప్పుకుంటే కేసు లోక్ అదాలత్‌కు పెట్టించు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. అక్కడైన రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తది. నోటి మాటల రాజీ మాత్రం వద్దు.

ఒప్పుకోకపోతే కేసు నడవనీ. అప్పుడు కూడా బైబిల్లోని అన్నదమ్ములు ఏశావు, యాకోబులను యాది చేసుకో. ఇరవై ఏండ్ల తర్వాత కావలించుకొని ఏడ్చిన్రు, నిజంగనే ఏడ్చిన్రు. తర్వాత వెనకనే వస్తనన్న యాకోబు అన్న ఊరికి పోలేదు, సుక్కోతులో ఇల్లు కట్టుకున్నడు. దేవుడు దాన్ని తప్పుపట్టినట్టు ఎక్కడా లేదు. తండ్రి ఇస్సాకు పోయినప్పుడు మాత్రం ఇద్దరూ కలిసే సమాధి చేసిన్రు.

మీ అమ్మకు ఒంట్లో బాగలేదు. వచ్చే వారం నా దగ్గరికి రా, ఇద్దరం కలిసి కాజీపేట పోదాం. ఆమెతోని ఆస్తి మాట ఎత్తకు. మీ అన్నతోని ఎత్తు.

మీ పెద్దమ్మ