కారు వెనుక దీపములు

అమెరికా దేశమున వేసవికాలమందు చిన్న పట్టణములలో పాతకార్ల ప్రదర్శనలు జరుగుచుండును. యజమానులు తమ కార్లను తళతళలాడునట్లు తుడిచి వరుసగా నిలిపెదరు. చూడవచ్చినవారు ముందుభాగమును ఒకమారు పరికించి వెనుకవైపునకు నడతురు. అచ్చటనే చాలసేపు నిలుతురు. ఏల? ఆనాటి శిల్పులు తమ నేర్పునంతయు వెనుక దీపములందే చూపిరి.

ఈ వేడుకకు మూలము ఒక యుద్ధవిమానము. 1941లో జనరల్ మోటార్స్ సంస్థయందలి రూపశిల్పి హార్లీ ఎర్ల్, పి-38 అను విమానమును చూచెను. దానికి తోకలు రెండు. ఆ పోలికయే 1948లో కాడిలాక్ కారు వెనుక రెండు చిన్న రెక్కలుగా మొలచెను. వాని కొనలందు ఎఱ్ఱని దీపములు అమరినవి. ఆ రెక్కలకు ఎగురుటతో పనిలేదు. అందమే వాని పని. అయినను అందొక చమత్కారము కలదు. ఎడమవైపు దీపమును పైకెత్తినచో దాని క్రింద పెట్రోలు పోయు మూత కనబడును!

పిదప ఇతర సంస్థలును పోటీపడి తమ కార్లకు రెక్కలు తొడిగినవి. 1959లో కాడిలాక్ రెక్కలు మిక్కిలి ఎత్తుగా పెరిగెను. ఒక్కొక్క రెక్కకు తుపాకిగుండ్లవంటి జంట దీపములు పొదిగిరి. ఇంత సొగసునకు వెల లేకపోలేదు. వాడియైన ఆ కొనలు పాదచారులను గాయపఱచునని రాల్ఫ్ నాడర్ అను న్యాయవాది 1965లో తన గ్రంథమున గట్టిగా ఆక్షేపించెను. అప్పటికే రెక్కలు చాలవరకు అణగిపోయినవి.

నేటికిని ప్రదర్శనలకు వచ్చిన పిల్లలు ఆ కొనలను తాకబోవుదురు. యజమానులు వెంటనే వారింతురు. వారు వెఱచునది రంగు చెడుననియో, వ్రేలు గీచుకొనుననియో!