బడినుండి ఇంటికి వచ్చిన భాష

పాఠ్యభాగము: లూకా 1:57–64

జెకర్యా యింట బిడ్డ పుట్టినప్పుడు ఇరుగుపొరుగువారును బంధువులును కూడివచ్చిరి. బిడ్డకు తండ్రి పేరే పెట్టవలెనని వారు తలంచిరి, తల్లి ఒప్పుకొనలేదు. అప్పుడు వారేమి చేసిరో గమనింతము. మాట పడిపోయిన తండ్రిని మూలన విడిచి తామే నిర్ణయించుకొనలేదు. ఆయనవైపు తిరిగి, సైగలుచేసి, ఆయన కోరిక యేమని అడిగిరి. ఆయన పలక తెప్పించుకొని వ్రాసెను.

దేవాలయమునుండి వెలుపలికి వచ్చిన దినమున సైగలు చేసినవాడు జెకర్యా ఒక్కడే (1:22). నెలలు గడచి బిడ్డ పుట్టునప్పటికి చుట్టుపట్లవారును సైగలతో అడుగుచున్నారు. నేటి మన పాఠమిదే.

మన గ్రామములలో వినలేని బిడ్డలు కొందరు పట్టణమందలి బధిరుల పాఠశాలలో చదువుచు, క్రిస్మసు సెలవులకును వేసవి సెలవులకును ఇంటికి వచ్చుచున్నారు. మనము సంతోషముతో చేర్చుకొని, కడుపునిండ పెట్టుచున్నాము. అయితే మన యిండ్లలో వారితో చేయు సైగలెన్ని? తిను, రా, పో, పండుకొను. ఇవన్నియు ఆజ్ఞలే. బడిలో ఆ బిడ్డ నేర్చినది వేరు. అక్కడ 'ఎందుకు?' అని అడుగుటకు సైగ యున్నది. నిన్నటి సంగతి, రేపటి సంగతి చెప్పుటకు మార్గమున్నది. చేతులతోపాటు కనుబొమ్మల కదలికయు ముఖభావమును ఆ భాషకు వ్యాకరణమే. ఇంతటి భాష నేర్చిన బిడ్డ మన గుమ్మము దాటి లోపలికి వచ్చినంతనే మరల మూగవాడగుచున్నాడు. తాత చనిపోయిన దినమున అందరు ఏల ఏడ్చుచున్నారో ఆ బిడ్డకు ఎవరు చెప్పిరి?

వినలేని పిల్లలలో పదింట తొమ్మండుగురు వినగల తల్లిదండ్రులకే పుట్టుచున్నారు. ఇతర పిల్లలు భాషను ఇంటినుండి బడికి తీసికొనిపోవుదురు. వీరిలో అనేకులు బడినుండి ఇంటికి తెచ్చుచున్నారు. ఇంట దానిని అందుకొనువారు లేనియెడల అది గుమ్మమునొద్దనే నిలిచిపోవును.

ఒకప్పుడు బడులే ఈ భాషను త్రోసివేసెను. 1880లో ఇటలీ దేశపు మిలాను నగరమున కూడిన బధిర విద్యాసభ, నోటిమాటయే నేర్పవలెను, సైగలు మానవలెనని తీర్మానించెను. 2010లో కెనడాలోని వాంకూవరులో కూడిన అట్టి సభ ఆ తీర్మానములను నిరాకరించి, జరిగిన హానికి విచారము తెలిపెను. మన దేశమున 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషకు పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడెను. అది 2018లో 3,000 మాటల నిఘంటువు తెచ్చెను. 2021 నాటికి అవి 10,000 ఆయెను. వాటిని సెల్‌ఫోనులో చూచి నేర్చుకొనవచ్చును. బడులు తమ తప్పు దిద్దుకొనుచున్నవి. మన యిండ్ల మాటేమి?

మనము చేయదగిన పనులు మూడు.

1. బిడ్డనే గురువుగా ఎంచుడి. దినమునకు రెండు మాటలు నేర్పుమని అడుగుడి. మన చేయి తప్పినప్పుడు దిద్దనియ్యుడి. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు త్వరగా నేర్తురు. పిదప వారే అవ్వకు నేర్పుదురు.

2. వెలుతురులో మాటలాడుడి. ముఖమును చేతులును కనబడనిదే ఈ భాష లేదు. రాత్రి భోజనమునకు దీపము ఎదుట గుండ్రముగా కూర్చుండుడి. పిలువవలెనన్న భుజము మెల్లగా తట్టుడి.

3. ఆజ్ఞాపించుటయే గాక అడుగుడి. 'బడిలో నీ స్నేహితుడెవరు? నీకేమి ఇష్టము?' అని అడిగి, జవాబు పూర్తియగువరకు కన్ను త్రిప్పక చూడుడి. చూచుటయే ఇక్కడ వినుట.

సైగలు నేర్చినయెడల బిడ్డకు ఇక మాట రాదని మనలో కొందరు భయపడుచున్నారు. సైగ మాటకు శత్రువు కాదు. ఏ భాషయు లేక గడచిన బాల్యమే బిడ్డకు నష్టము.

జెకర్యా యింటిలో మరియొక సంగతి యున్నది. ఆయన నోరు తెరవబడిన తరువాత వారు ఆయనను అడుగలేదు, తెరవబడకముందే అడిగిరి. బిడ్డ బాగుపడిన దినమున మాటలాడుదమని మనము కాచుకొనియుండరాదు. ఈ రాత్రి అన్నము ముందర కూర్చున్నప్పుడే అడుగుదము.

ఇంటివారు ఆలోచించుటకు:
మన యింట వినలేని బిడ్డను ఈ వారములో ఏ సంగతి విషయమై అభిప్రాయమడిగితిమి?
మన ఆదివారపు బడిలో అట్టి బిడ్డ ఎక్కడ కూర్చుండును? ఉపాధ్యాయుని ముఖము ఆ బిడ్డకు కనబడుచున్నదా?