పాత లారీకి కొత్త బ్రేకులు

పిల్లలూ! కొల్లేటి చేపలను ఐసులో పెట్టుకొని ఏలూరు వైపు పోయే లారీలను, తాడేపల్లిగూడెం మార్కెట్టు నుంచి ఉల్లిపాయల బస్తాలతో వచ్చే లారీలను మీరు చూసే ఉంటారు. వాటిలో ఒక పాత లారీకి బ్రేకులు చాలడం లేదనుకోండి. కొత్త బండి నుంచి పెద్ద వీలు సిలిండర్లు తెచ్చి బిగిస్తే సరిపోతుందా?

డ్రైవరు పెడలు తొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని పిస్టను బ్రేకు ఆయిలును నొక్కుతుంది. ఆ పీడనం గొట్టాల గుండా అన్ని చక్రాలకూ సమానంగా చేరుతుంది. ఇది 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రమే.

లెక్క వేద్దాం. మాస్టరు పిస్టను వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు, వీలు పిస్టనుది 8 అయితే బలం 2 రెట్లవుతుంది. 12 ఉన్న పిస్టను పెడితే 3 రెట్లు! కాని అది అంతే దూరం కదలడానికి ఒకటిన్నర రెట్లు ఆయిలు కావాలి. అంటే పెడలును అంత లోతుగా తొక్కాలి. బ్రేకు పడకముందే పెడలు అడుగుకు తగిలితే? ఎదురుగా బడికి పోయే పిల్లలుంటే?

పోనీ, మాస్టరును కూడా 6కు పెంచుదామా? పెడలు సర్దుకుంటుంది గాని, బలం మళ్ళీ 2 రెట్లే. అందుకే కాలికి తోడుగా బూస్టరు కావాలి. ఇంకొకటి. వేగం రెట్టింపైతే గతిజశక్తి 4 రెట్లవుతుంది. అందులో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఆ వేడికి డ్రమ్ములు, లైనర్లు తట్టుకోవాలి. కాబట్టి ఒక్క భాగాన్ని కాక, ఒకదానికొకటి సరిపోయేట్టు అన్నిటినీ మార్చాలి.

సూదులు లేని కొత్త సిరంజీలు, చిన్నదొకటి, పెద్దదొకటి తీసుకొని, నీళ్లు నింపిన సన్నని గొట్టంతో కలపండి. చిన్నదాన్ని నొక్కి, పెద్దది ఎంత కదిలిందో కొలవండి.