గురి కుదురుట

వేములవాడనుండి కోరుట్లకు పోవు దారిలోని రుద్రంగి పరిసరములలో తుపాకి యను మాట వినబడినంతనే పెద్దలకు స్ఫురించునది క్రీడ కాదు. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగి, ఆ యేటనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడిన నాటి భయసంకులమైన స్మృతియే వారికి ముందుగా తోచును. అట్టి సీమలోని యువకునితో పిస్తోలు పట్టి నేర్వదగిన విద్య యొకటి కలదన్నచో కొందఱు నొసలు చిట్లింపవచ్చును. ఐనను మనుష్యుని ఆత్రము ఈ విద్యలో బయటపడినంత నగ్నముగా మఱియెచటను బయటపడదని నా తలంపు.

హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో, పదుమూడేండ్ల ప్రాయమున, తిరువనంతపురమున జరిగిన జాతీయ పోటీలలో మను భాకర్, హీనా సిద్ధు వంటి ప్రసిద్ధులను దాటి పది మీటర్ల ఎయిర్ పిస్తోలులో సీనియర్ విజేతగా నిలిచెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలనుండి ఒక స్వర్ణమును, మూడు రజతములను తెచ్చెను. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పందెమున పది పాయింట్ల వలయపు వ్యాసము 11.5 మిల్లీమీటర్లు, అనగా చొక్కా గుండీ పాటిది. ఒంటిచేత పిస్తోలును చాచి దానిని కొట్టవలెను. ఇది బాహుబలముచే సాధ్యమగు పని యైనచో పదుమూడేండ్ల బాలికకు దక్కెడిది కాదు.

పక్షి కన్ను తప్ప మఱేమియు కానని అర్జునుని కథను మన ఉపన్యాసకులు ఏకాగ్రతకు పరమోదాహరణముగా చెప్పుట పరిపాటి. పిస్తోలు విద్యలో మాత్రము ఆ కథ దారి తప్పించును. ఇచట స్పష్టముగా కానవలసినది లక్ష్యము కాదు, గొట్టపు కొననున్న ముందు సైటు. దూరపు నల్లని వలయము మసకబాఱినను చింత లేదు. దీనికి గణితమే సాక్షి. రెండు సైట్ల నడుమ దూరము సుమారు 30 సెంటీమీటర్లు. ముందు సైటు వెనుక సైటు గాడి నడుమనుండి ఒక్క మిల్లీమీటరు తొలగినచో గుండు పది మీటర్లకడ మూడు సెంటీమీటర్లకు మించి ప్రక్కకు పోయి నలుపును దాటును. సైట్లు చెదరక చేయి మొత్తము అంతే కదలినచో తప్పు ఒక్క మిల్లీమీటరే. కావున చేతి వణుకును గూర్చి దిగులుపడువాడు అల్పమైనదానికి వెఱచి, అనల్పమైనదానిని విడిచిపెట్టుచున్నాడు. వణుకు ఎవరికిని పూర్తిగా పోదు.

నిలుకడ, పట్టు, శ్వాస నేర్చినవారికి వచ్చును. అసలు చిక్కు ట్రిగ్గరుకడ నున్నది. సైటు అటునిటు ఊగుచు ఒక్కక్షణము నడుమకు వచ్చినట్లు కనబడగానే, "ఇదే సమయము" అని మనస్సు తొందరపెట్టును, వ్రేలు మీటను చటుక్కున లాగును, ఆ లాగుటతో సైటు చెదరును. చేజిక్కించుకొనవలెనను కోరికయే చేజార్చినది. నిదానముగా, ఒకే తీరున ఒత్తిడి పెంచుచు పోయి, గుండు వెడలు క్షణమును ముందుగా నిర్ణయింపకుండుట అలవడవలెను. సుమారు పది సెకండ్లలో అది జరుగకున్నచో కన్ను అలయును. కాల్చక చేయి దించవలెను. అఱువది గుండ్లకు డెబ్బదియైదు నిమిషముల గడువుండగా, దించనివానికి కొఱత కాలము కాదు, ఓర్పు.

హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్‌కు 1938లో గ్రెనేడు పేలి కుడిచేయి చెడినది. అతడు ఎడమచేతితో మొదటినుండి అభ్యసించి 1948 లండను, 1952 హెల్సింకి ఒలింపిక్సులలో ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు స్వర్ణములు గెలిచెను. నేర్పు కండలోనే యుండినచో ఆ చేతితోనే పోయి యుండెడిది.

అభ్యాసములో అధికభాగము గుండు లేకుండ జరుగుట మేలు. పిస్తోలు ఖాళీగా నున్నదని ఒకటికి రెండుమార్లు చూచుకొని, మనుష్యసంచారము లేని తెల్లని గోడకెదురుగ నిలిచి, మీట పడిన క్షణమున ముందు సైటు కదలినదా లేదా యని మాత్రమే గమనింపవలెను. గోడపై లక్ష్యము లేనందున మనస్సునకు ఆశించుట కేమియు నుండదు. రేంజికి పోయిననాడు ప్రతి గుండు తరువాత ఫలితమును చూడకమునుపే అది ఎచట తగిలియుండునో పుస్తకమున వ్రాసికొని, పిమ్మట సరిచూచుకొనవలెను. తొమ్మిది వచ్చుటకంటె, తొమ్మిది వచ్చునని ముందే యెఱుగుట శిక్షకునికి ఎక్కువ ఉపయోగము.